నాలుగు రోజులు ఆగిన సాక్షి

"ఆ గది తాళం ఇవాళ తీయించొద్దే తల్లీ. తీస్తే మన నెత్తికే ఏదో చుట్టుకుంటుందని నాకనిపిస్తోంది."

టాక్సీలో నేనీ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వింది. "నీకు అనిపించనిది ఏదైనా ఉంటే చెప్పమ్మా, అది రాసుకుంటాను."

రాసుకోవడమంటే నేను రాయడమే. మా అమ్మాయి ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే ప్రాసిక్యూటర్. కోర్టులో అందరికీ పీపీ గారు. నాకు మాత్రం, జ్వరం మాత్ర మింగానని చెప్పి దిండు కింద దాచే పిల్ల. పది రోజుల కిందట కోర్టు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏళ్ల తరబడి ఏదో అవుతుందని భయపడుతున్న నాకు, ఇంతటితో పోయిందిలే అని లోలోపల కాస్త ఊరట కూడా కలిగిందంటే ఎవరూ నమ్మరు. అప్పటినుంచి ఆమె చెబుతుంటే నోటుపుస్తకంలో నేను రాస్తున్నాను. చదివింది ఏడో తరగతే అయినా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

"రాయడం వరకే నీ డ్యూటీ. భయపడటం కాదు," అంది.

"అది మొదట్నించీ ఉన్న డ్యూటీ. దానికి సెలవుల్లేవు," అన్నాను.

కేసు ఇది. పదకొండు నెలల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం లాండ్రీ యజమాని తన దుకాణం వెనకగదిలో తల పగిలి చనిపోయాడు. రెండున్నరకి చూసి కేకలు వేసింది అక్కడే ఇస్త్రీ చేసే మనిషి. పడినవాణ్ణి ఎత్తబోతే చేతులకి రక్తం అంటింది. ఆ పొద్దున్నే లాడ్జి దుప్పటి ఒకటి మాడ్చాడని యజమాని తిట్టాడు, ఇతను ఎదురు చెప్పాడు. పోలీసులకి అంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రమే పట్టుకుపోయారు. యాభై ఏళ్ల మనిషి. ఆ రోజు పోయి ఇంతవరకూ జైల్లోంచి రాలేదు.

ఆ రోజు సరిగ్గా ఒంటిగంటా యాభై అయిదుకి అతను దుప్పట్ల మూటతో లాడ్జి గేటు దగ్గర ఉన్నాడని వాచ్‌మన్ పుస్తకం చెబుతోంది. కానీ హత్యని కళ్లారా చూశానన్న సాక్షి ఒకరున్నారు. లాండ్రీ వెనక సందుకి అవతలివైపు మేడ మీద ఉండే పాటల టీచరు. ఒకటీ నలభైకి చూశానంటోంది. రేపు పొద్దున ఆమె బోను ఎక్కాలి. ఆమె చేత ఆ మాట చెప్పించాల్సింది మా అమ్మాయి. చెప్పిందంటే ఆ ఇస్త్రీ మనిషికి జీవితఖైదు తప్పదు.

సాక్షికి స్టేట్‌మెంట్ చదివి వినిపించి, ఇలాగే చెప్పండమ్మా అనడం అందరు ప్రాసిక్యూటర్లూ చేసే పనే. మా అమ్మాయి చేయదు. ఎక్కణ్ణించి చూశానన్నారో అక్కడే నిలబెట్టి, కాగితం మూసేసి అడుగుతుంది. అలా అడిగి రెండు కేసులు చేతులారా పోగొట్టిందని ఆఫీసులో చాటుగా చెప్పుకుంటారు. "అతనికి శిక్ష పడితే నా నోటితో పడుతుందమ్మా. నోటికంటే ముందు నా కళ్లు వెళ్లి రావాలిగా," అంటుంది.

రాత్రి నాకొక కల వచ్చింది. తెల్లటి దుప్పట్ల మధ్య మా అమ్మాయి నడుస్తూ పోతోంది. నేను ఒక్కో దుప్పటీ తొలగిస్తుంటే దాని వెనక ఇంకో దుప్పటి. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.

---

టీచరు ఇంట్లో మెట్లు ఇరుకు, బాల్కనీ పొడుగు. ఆదివారం ఎండ సందులోకి దిగకుండా పైపైనే తేలుతోంది. టీచరుకి అరవై దాటి ఉండవు. మెత్తని మనిషి. మాట కూడా ఆగి ఆగి, శ్రుతి చూసుకున్నట్టు వస్తుంది. కొడుకు మా కోసం కుర్చీలు తెచ్చి వేశాడు. ముప్పయ్యేళ్ల వాడు, గొంతు పెంచడం తెలియనివాడు.

"అమ్మకి బీపీ అండి. ఎక్కువసేపు నిలబెట్టకండి," అన్నాడు పీపీ గారితో.

నాకు ముచ్చటేసింది. ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా మేం తల్లులిద్దరం మాట్లాడుకున్నాం.

"మీవాడు బాగా కనిపెట్టుకుని ఉన్నట్టున్నాడే," అన్నాను.

"ఉన్నాడు అక్కయ్యగారూ. తండ్రి పోయినప్పుడు వాడికి పన్నెండేళ్లు. అప్పట్నించీ నన్ను ఒక్కదాన్నే ఎక్కడికీ వదలడు. ఆఫీసు దగ్గరేలెండి, రోజూ భోజనానికి ఇంటికే వస్తాడు. నేను కనిపించకపోతే సందంతా వెతుకుతాడు."

"అదృష్టవంతులు. మా అమ్మాయి నేను ఫోన్ చేస్తేనే విసుక్కుంటుంది."

ఆమె నవ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ బూట్లు మెట్ల మీద వినిపించాయి. వస్తూనే నా చేతిలో పుస్తకం చూశాడు. "అమ్మగారు కూడా ప్రాసిక్యూషనేనా మేడం? గెజిట్‌లో వేశారా?"

"విరిగిన చెయ్యి నాది, రాసే చెయ్యి అమ్మది. మీకు అభ్యంతరమైతే మీరు రాయండి," అంది మా అమ్మాయి.

ఆయన గోడకి ఆనుకున్నాడు. ఆమె టీచరుని బాల్కనీ అంచున నిలబెట్టింది. ఎదురుగా కిందుగా లాండ్రీ వెనకగది కిటికీ. రెక్కలు తెరిచే ఉన్నాయి. ఇస్త్రీ బల్ల సగం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఆ రోజు ఎక్కడ నిలబడ్డారు?"

"ఇక్కడే."

"టైము?"

"ఒకటీ నలభై. ఎదురు స్కూల్లో అప్పుడే గంట కొట్టారు."

"ఏం చూశారో మీ మాటల్లో చెప్పండి. తొందరేం లేదు."

టీచరు కళ్లు మూసుకుంది. "బల్లకి అటు ఆయన, ఇటు ఇస్త్రీ అతను. మాటా మాటా పెరిగింది. అతను ఇస్త్రీ పెట్టె ఎత్తి కొట్టాడు. ఆయన వెనక్కి పడిపోయాడు. కళ్లజోడు ఊడి బల్ల కిందకి జారిపోయింది."

మా అమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది. "కళ్లజోడా? మీ స్టేట్‌మెంట్‌లో ఆ మాట లేదు."

"భయంలో అప్పుడు మర్చిపోయి ఉంటుంది మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అమ్మా, కళ్లజోడు అని రాయి. కింద గీత గియ్యి." మళ్లీ టీచరు వైపు తిరిగింది. "హత్య మంగళవారం. మీరు పోలీసులకి చెప్పింది శనివారం. కళ్లెదుట మనిషి చస్తే నాలుగు రోజులు ఎందుకు ఆగారు?"

"అమ్మకి భయమండి. మూడు రాత్రులు నిద్రే పోలేదు," అన్నాడు కొడుకు వెనకనుంచి.

"నేను అమ్మగారిని అడిగాను."

"భయం," అంది టీచరు. ఆ ఒక్క మాటే. ఆ మాట నేను రోజుకి వందసార్లు అంటాను కాబట్టి దాని బరువు నాకు తెలుసు. ఆమె అన్నప్పుడు అది నా దానికన్నా చాలా బరువుగా ఉంది.

మెట్లు దిగుతూ ఇన్‌స్పెక్టర్ సంతోషంగానే ఉన్నాడు. "చూశారుగా మేడం, పూసగుచ్చినట్టు చెప్పింది."

"ఒకటీ నలభైకి కొట్టినవాడు ఒకటీ యాభై అయిదుకి లాడ్జిలో ఎలా ఉన్నాడు? నేను నిన్న నడిచి చూశాను. ఇరవై నిమిషాలు."

"పరిగెత్తి ఉంటాడు."

"పాతిక కిలోల మూటతోనా? యాభై ఏళ్లవాడు?"

"భయం మనిషిని పరిగెత్తిస్తుంది మేడం."

"కొందరిని నాలుగు రోజులు ఆపుతుంది, కొందరిని పరిగెత్తిస్తుంది. మీ భయం మీకు బాగానే పనికొస్తోంది," అంది మా అమ్మాయి. నేను ఆమె మోచేయి గిల్లాను. పోలీసుతో అలా మాట్లాడతారా?

---

లాండ్రీకి పదకొండు నెలల సీలు. తాళం మొరాయించి మొరాయించి ఊడింది.

లోపల అడుగు పెడితే నిద్రలోకి అడుగు పెట్టినట్టుంది. ఆ రోజు ఆరేసిన దుప్పట్లు ఆరేసినట్టే వేలాడుతున్నాయి. నా కలలోవే ఇవి. గాలి లేకపోయినా మేం నడుస్తుంటే మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు కదిలాయి. సబ్బు వాసన ఇంకా చావలేదు. మా అమ్మాయి వాటి మధ్య కనిపిస్తూ, మాయమవుతూ పోతుంటే, "చెయ్యి జాగ్రత్త," అని మూడుసార్లన్నాను.

వెనకగదిలో పెద్ద ఇస్త్రీ బల్ల. కిటికీ వైపున్న పక్క కిందదాకా చెక్క కొట్టి మూసేశారు. కిటికీలోంచి టీచరు బాల్కనీ కనబడుతోంది. రెయిలింగు మీద చేతులు పెట్టి కొడుకు ఇటే చూస్తున్నాడు. పాపం, తల్లిని ఇంకేం అడుగుతారోనని బెంగ కాబోలనుకున్నాను.

మా అమ్మాయి బల్ల చూస్తోంది, నేల చూస్తోంది. నేను గోడ చూశాను. ఇల్లు చూసుకునేవాళ్లకి ముందు గోడలే కనిపిస్తాయి. ఆవిరికీ పొగకీ గోడలన్నీ బూడిదరంగుకి తిరిగాయి. కిటికీ ఉన్న గోడ మాత్రం ఒక చోట, కిటికీ చుట్టూ తలుపంత మేర, పచ్చరంగు వేసిన నాటి కొత్తదనంతో నిగనిగలాడుతోంది.

"ఇక్కడ బీరువాలాంటిది ఏదో ఉండేదే," అన్నాను. "మనింట్లో మంచం జరిపినప్పుడు గోడ ఇలాగే లేదూ?"

మా అమ్మాయి వెనక్కి తిరిగింది. అంత నెమ్మదిగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

"కొలువమ్మా."

"దేంతో?"

"నీ జానతో. నా గౌన్లన్నీ దాంతోనే కొలిచేదానివిగా. నీ జాన ఎనిమిదంగుళాలు."

ఇన్‌స్పెక్టర్ ఫక్కున నవ్వాడు. నేను సిగ్గుపడుతూనే గోడ మీద చెయ్యి వేసి కొలిచాను. పచ్చరంగు వెడల్పు ఏడున్నర జానలు. మధ్యలో ఉన్న కిటికీ అయిదు జానలు కూడా లేదు. ఎత్తు నాకు అందలేదు. కిటికీ పైఅంచు దాటి ఇంకా పైకి పోయింది. నేల మీద సిమెంటులో నాలుగు గుంటలు, బరువైన కాళ్లు ఏళ్ల తరబడి నొక్కినవి.

"ఫైల్లో రెండో కాగితం తియ్యి. పోలీసులు ఇక్కణ్ణించి తీసుకెళ్లిన సామాన్ల జాబితా. చదువు."

కూడబలుక్కుని చదివాను. "రక్తపు చారలున్న చెక్క అలమర ఒకటి, అందులోని దుప్పట్లతో సహా. ఎత్తు ఆరున్నర అడుగులు. వెడల్పు అయిదు అడుగులు."

"ఏడున్నర జానలంటే అయిదు అడుగులే. తేదీ?"

"బుధవారం. పొద్దున పదింటికి."

"ఇప్పుడు గది స్కెచ్. దాని మీద తేదీ?"

"శుక్రవారం."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"హత్య మంగళవారం," అంది మా అమ్మాయి. "మంగళవారం ఈ కిటికీకి అడ్డంగా ఆరున్నర అడుగుల అలమర ఉంది. ఆ బాల్కనీలోంచి చూస్తే దాని వీపు తప్ప ఏమీ కనబడదు. బుధవారం మీరు దాన్ని ఎత్తుకుపోయారు. శుక్రవారం ఖాళీ కిటికీతో స్కెచ్ గీయించారు. శనివారం ఆ ఖాళీ కిటికీలోంచి మంగళవారంనాటి హత్యని చూసిన సాక్షి దొరికింది."

"లారీ బుధవారమే దొరికింది మేడం!" ఇన్‌స్పెక్టర్ గొంతు నిజంగానే ఏడుపులా వచ్చింది. "ఆ వారమంతా స్టేషన్‌కి ఒక్క లారీ. స్కెచ్ గీసేవాడు శుక్రవారంగాని రాలేదు. వచ్చి ఉన్నది ఉన్నట్టు గీశాడు."

"శుక్రవారం ఉన్నది గీశాడు. మంగళవారం ఉన్నది గీయలేదు."

"ఎదుటి లాయరుకి తట్టని ముక్క మీకెందుకు తట్టాలి? మీరు ప్రభుత్వం తరఫున మేడం. వాడి తరఫున కాదు."

"జైల్లో కూర్చున్నవాడు ప్రభుత్వానికి ఏమీ కాడా?"

"ఆవిడ అబద్ధం చెప్పిందని రేపు మీరే కోర్టులో చెబుతారా? మీ సాక్షి మీద మీరే?"

"ముందు ఆవిడ్ని అడుగుతాను. తర్వాత జడ్జిగారికి చెబుతాను."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "రేపు పొద్దుటికి ఈ కేసు మీ చేతుల్లో ఉండదు. ఇప్పుడే మీ ప్రాసిక్యూషన్ డైరెక్టర్ గారికి ఫోన్ చేస్తాను."

"చేయండి. నా చెయ్యి ఎలాగూ కట్టులోనే ఉంది."

దుప్పట్లని తోసుకుంటూ ఆయన బయటికి వెళ్లాడు. బదిలీ చేస్తారు. లేదా ఉద్యోగంలోంచే తీసేస్తారు. లేదా ఏ రోడ్డు మీదో ఏ బండో వచ్చి... "మనకెందుకే ఇదంతా? ఆ టీచరు ఏదో పొరపడిందేమో. కేసు ఇంకొకరికి ఇచ్చేసి ఇంటికి పోదాం."

"పొరపడలేదమ్మా." ఆమె గొంతు తగ్గించింది. "అదే నాకు అర్థం కావట్లేదు. బల్ల కింద చూడు."

నేల మీద చేతులు ఆన్చి, మోకాళ్లని తిట్టుకుంటూ తలుపు వైపునుంచి వంగి చూశాను. దుమ్ము. ఒక బొత్తాం. చెక్క మూలన, గోడకీ బల్లకాలికీ మధ్య ఇరుక్కుని, ఒక కళ్లజోడు.

చెయ్యి చాచబోయాను.

"ముట్టుకోకు!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా అమ్మాయి బయట జీపు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచి, చూడమని చెప్పి, ఇన్‌స్పెక్టర్ వచ్చి రాసుకునేదాకా దాన్ని కదపొద్దంది. అతణ్ణే పంపి టీచరుని కిందకి పిలిపించింది.

అప్పుడు నాకూ తెలిసివచ్చింది. ఈ కళ్లజోడు పోలీసుల కంటపడలేదు. ఏ జాబితాలోనూ లేదు. బల్లకి కిటికీ వైపు చెక్క ఉంది కాబట్టి, అలమర లేకపోయినా సరే, బాల్కనీలోంచి బల్ల కింద కనబడదు. ఈ గదిలో నిలబడ్డవాళ్లకి తప్ప అది జారడం ఎవరికీ తెలియదు.

---

టీచరు దుప్పట్ల మధ్యనుంచి వచ్చింది. ప్రతి దుప్పటినీ చేత్తో మెల్లగా తప్పించుకుంటూ, ఏది ఎక్కడ వేలాడుతుందో ముందే తెలిసినదానిలా వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, చూడకుండానే కాలు ఎత్తి గడప దాటింది. నేను వచ్చేటప్పుడు ఆ గడప తగిలి తూలాను.

మా అమ్మాయి బల్ల కింద కళ్లజోడు చూపించింది. పచ్చటి గోడ చూపించింది. గొంతు పెంచలేదు. కోర్టులో నేను వినే గొంతు కాదది. చిన్నప్పుడు పిల్లి చచ్చిపోయిందని చెప్పడానికి వచ్చినప్పటి గొంతు.

"టీచరుగారూ, మీరు కిటికీలోంచి చూడలేదు. ఈ గదిలోనే ఉన్నారు. కాదంటే కాదనండి."

టీచరు కాదనలేదు.

"రేపు మీరు బోను ఎక్కి ఇస్త్రీ అతని పేరు చెబితే అతని బతుకు అక్కడితో అయిపోతుంది. కాబట్టి ఇవాళ ఒక్కటే అడుగుతున్నాను. కొట్టింది అతనేనా?"

టీచరు ఒక దుప్పటి అంచు పట్టుకుంది. ముడతలు సవరించింది. మళ్లీ సవరించింది.

బయట ఇన్‌స్పెక్టర్ ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. తర్వాత అదీ ఆగింది. ఎక్కడో నల్లా ఒక్కో చుక్కా రాలుస్తోంది. ముప్పై దాకా లెక్కపెట్టి లెక్క తప్పాను. ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీది ఆ గుంటల మీద పడి, ఇన్నేళ్లూ తనకి దొరకని చోటుని తడుముతున్నట్టు కదులుతోంది. దుప్పట్లు, ఎండ, ఆ మనిషి అన్నీ ఒకే తెలుపులో కలిసిపోయి, ఇది నా కలేనేమో, కాసేపట్లో లేస్తానేమో అనుకున్నాను.

మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేయలేదు. ఎదురుచూడటం ఆమె పని. నాకు అది చేతకాదు.

"చెప్పండమ్మా," అన్నాను. "జైల్లో ఉన్నవాడికీ తల్లి ఉండే ఉంటుంది. లేకపోతే పోయిన తల్లి జ్ఞాపకమైనా ఉంటుంది."

టీచరు నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా అమ్మాయి ఇంటికి రావడం ఆలస్యమైనప్పుడల్లా అద్దంలో నాకు కనిపించే చూపే అది. ఆమె ఎవరి కోసం భయపడుతోందో నాకు తెలిసిపోయింది. ఆమె నోరు తెరవకపోతే బాగుండునని, తెరిస్తేనే బాగుండునని, రెండూ ఒకేసారి అనుకున్నాను.

కిటికీలోంచి పైకి చూశాను.

బాల్కనీ ఖాళీగా ఉంది. రెయిలింగు మీద చేతులు లేవు.

"అమ్మాయీ," అన్నాను. మా అమ్మాయికి వినబడలేదు. ఆమె టీచరు పెదవుల్నే చూస్తోంది.

టీచరు కూడా ఆ ఖాళీ బాల్కనీని చూసింది. చేతిలో దుప్పటి అంచు వదిలేసింది.

"ఆయనా నేనూ ఇక్కడ కూర్చుని పాటలు వినేవాళ్లం. మధ్యాహ్నాలు, అంతే," అంది. "మా అబ్బాయికి కనబడకూడదని ఆ అలమరని కిటికీకి అడ్డం పెట్టించింది నేనే. కానీ ఆ రోజు వాడు గుమ్మంలోంచి వచ్చాడు."